బోర్డు మీద తాళంచెవి

ఇన్నేళ్ళుగా జబ్బారును ఒక అనుమానం వదల్లేదు. రంజాన్ నెలలో తెల్లవారకముందే తమ తలుపు తట్టి, సహరీ తినడానికి లేపుతున్నది ఎవరు? పేరు పెట్టి పిలవరు, మాట వినపడదు. తలుపు మీద గట్టిగా చప్పుడు, అంతే. లుంగీ సర్దుకుని గడియ తీసేసరికి సందులో ఎవరూ ఉండరు. మసీదులో అడిగాడు, ఫకీర్లను అడిగాడు. మేం కాదన్నారు.

ఈ రోజూ అంతే అయింది.

"రేపు ముందే లేచి తలుపు వెనకాల నిలబడితే?" అన్నాడు భార్యతో.

"అల్లా పంపినోళ్ళను పేరు అడక్కూడదు," అంది అబిదా. ఆమె మాత్రం ఏటా రంజాన్‌లో ఆ మనిషి కోసమని రోజూ ఒక గిన్నె పాయసం పక్కన పెడుతుంది. తీసుకునేవాళ్ళు లేక చివరికి ఇంట్లోవాళ్ళే తాగుతారు. ఇది మన మీద బాకీ ఉండిపోయిందని ఆమె బాధ.

అలారం పెట్టుకుంటే పోయేదానికి ఇదంతా దేనికని కూతురు ఉజ్మా నవ్వుతుంది. జబ్బారుది మాచర్లలో మోటార్ వైండింగ్ కొట్టు. మిర్చి చేలల్లో కాలిపోయిన మోటార్లు పగలంతా విప్పి కట్టిన ఒంటికి అలారం ఎక్కడ ఆనుతుంది?

ఆ పొద్దున మాత్రం ఉజ్మా నవ్వలేదు. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగంలో చేరి నెల కాలేదు. ఎవరెవరివో ఆస్పత్రి కాగితాలు చూసే పని. ఇంటి వైఫైలో తెలియని ఫోను ఒక్కటి కనిపించినా ఉద్యోగం ఉండదని కంపెనీ ముందే చెప్పింది. మర్నాడే తనిఖీ.

"అబ్బా," అని తండ్రిని పిలిచింది. "మన నెట్‌లో ఎవరో దూరుతున్నారు. రోజూ సాయంత్రం ఒక కొత్త ఫోను కనపడుద్ది. నేను చూసేలోపే పోద్ది. పాస్‌వర్డ్ ఏం పెట్టించావు?"

"నా నంబరే. మర్చిపోను గదా."

"ఏ నంబరు? కొట్టు బోర్డు మీద ఉన్నదా?"

జబ్బారు తలెత్తి ఇంటి ముందున్న తన కొట్టు బోర్డు చూశాడు. మూరెడేసి ఎర్ర అంకెలు సందు చివరిదాకా కనపడుతున్నాయి.

"బాగుంది. తాళం వేసి, తాళంచెవి బోర్డుకు తగిలించావు," అంది ఉజ్మా.

దూరిందెవరో తెలుసుకోవాలని జబ్బారుకు మనసు పీకింది. ముందు ఎదురుగా టీ కొట్టు కోటిబాబును అడిగాడు. అతని ఫోను పొద్దస్తమానం పాటలు పాడుతూనే ఉంటుంది.

"నీ నెట్టా భాయ్?" కోటిబాబు టీ తిరగబోస్తూ అన్నాడు. "నీ కొట్టు దాటకముందే చచ్చిపోద్ది గదా అది. నాకు నా సిమ్ము చాలు. కావాలంటే నువ్వే నా దాంట్లో తగులుకో."

నిజమే. ఇవి నాపరాతి గోడలు. గోడ దాటితే సిగ్నల్ అందదు. వచ్చేవాడు తమ గుమ్మం దగ్గరికే వస్తున్నాడన్నమాట.

గుమ్మం పక్క అరుగు మీద సాయంత్రాలు కూర్చునేది పక్కింటి రోశమ్మ ఒక్కతే. మొగుడు హనుమంతు క్వారీలో చేసి చేసి పోయాడు. మనవరాలు సుష్మిత విజయపురి సౌత్‌లో ఉంటుంది. ఒంటరి ముసలామె మిరపకాయల తొడిమలు తీస్తూ వీధి చూస్తుంది. ఇక్కడ ఎవరన్నా ఫోను పట్టుకుని తచ్చాడుతున్నారా అని ఆమెనే అడిగాడు.

"ఎవరూ రాలా అబ్బాయా. ఏం పోయింది?"

"నెట్టు పిన్నమ్మా. ఎవరో వాడుకుంటున్నారు."

"కంటికి కనపడందా? మరి పోయినట్టు నీకెట్టా తెలిసింది?"

జబ్బారు నవ్వేసి కొట్టులోకి వెళ్ళిపోయాడు.

సాయంత్రంలోపు ఉజ్మా పాస్‌వర్డ్ మార్చింది. అంకెలూ అక్షరాలూ కలిపి ఇంత పొడుగుది పెట్టి, తండ్రికి కూడా చెప్పలేదు. ఆ సాయంత్రం కొత్త ఫోను కనపడలేదు. మర్నాడు తనిఖీలో కంపెనీవాళ్ళు అంతా సరిగ్గా ఉందన్నారు.

కానీ ఆ తెల్లవారుజామున తలుపు చప్పుడు కాలేదు. ఇంటిల్లిపాదీ మొద్దు నిద్రపోయారు. లేచేసరికి బాగా తెల్లారింది. ముగ్గురూ ఏమీ తినకుండానే రోజా పట్టారు. ఆకలికంటే ఆ చప్పుడు లేకపోవడమే జబ్బారును ఎక్కువ కలవరపెట్టింది. చాటుగా నిలబడి చూడాలనుకున్నందుకే అల్లా ఆ మనిషిని ఆపేశాడా? లేక ఆ మనిషికే ఏమన్నా అయిందా? పేరూ ఊరూ తెలియని మనిషి కోసం రోజంతా దువా చేశాడు.

ఇఫ్తార్ అయ్యాక రోశమ్మ చీర కొంగులో ఏదో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అబిదా పక్కన పెట్టిన గిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"తాగు పిన్నమ్మా. ఇంక ఆ మనిషి రారేమో. ఈ బాకీ ఎవరో ఒకరి చేతికి చేరనీ."

రోశమ్మకు ఆ మాట అర్థమైనట్టు లేదు. పాయసం ఆఖరి చుక్కదాకా తాగి, కొంగులోంచి పాత ఫోను తీసి ఉజ్మాకిచ్చింది.

"సుష్మిత పాతదమ్మా. మీ బోర్డు మీద అంకెలేవో దీంట్లో కొట్టి ఇచ్చిపోయింది. కార్డు లేదు. దినామూ చార్జింగ్ అయిపోయి ఆరిపోద్ది. మళ్ళీ వెలిగిస్తే టైము తప్పు చూపిచ్చిద్ది. మీ గుమ్మం దగ్గరకొస్తే దానంతటదే సరిపోయేది. నిన్నటి నుంచి సరిపోవట్లా."

ఉజ్మా తండ్రి వైపు చూసింది. దొరికిన దొంగను చూసి జబ్బారు నవ్వాపుకోలేకపోయాడు.

"నువ్వా పిన్నమ్మా! పొద్దు చూసి గంట చెప్పేదానివి, నీకు టైముతో పనేంది?"

రోశమ్మ గిన్నె కింద పెట్టి, మూతి తుడుచుకుంది.

"మిమ్మల్ని సహరీకి లేపొద్దా?"