చెంప మీద తడి

అక్క సీసా మూత తీయగానే చెల్లెలు కుర్చీ అంచులు గట్టిగా పట్టుకుంది.

"మళ్లీ మండితే?"

"మండదని ఒట్టేసి చెప్పలేను. ఇది మా ల్యాబ్‌లో చేసిందే. ఇందులో చక్కెర నుంచి తీసిన పదార్థం ఉంది, చర్మంలో తడి ఆరిపోకుండా పట్టి ఉంచుతుంది. చెవి వెనక రాసి చూశాంగా, ఏమీ కాలేదు."

చెల్లెలి చెంపలు చాలాకాలంగా బీటలు వారి ఎర్రగా పగిలి ఉన్నాయి. ఏ క్రీము రాసినా కారం పూసినట్టు మండడంతో ఎగిరిపడేది. అయినా అక్క గొంతులో మెత్తదనం లేదు. నిరుడు అమ్మ పోయినప్పుడు ఈ పిల్ల కంట చుక్క నీరు పెట్టలేదు. చుట్టాలు రాతిగుండె అన్నారు. అక్క కాదనలేదు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా ముక్తసరి మాటలే.

అక్క వేలికొసతో రెండు చెంపలకూ పలచగా రాసి, ఊపిరి బిగబట్టి చూసింది.

చెల్లెలి కళ్లు నిండాయి. రెప్ప వేయగానే నీళ్లు బొటబొటా చెంపల మీదికి జారాయి.

మళ్లీ మండిందనుకుంది అక్క. "లే, కడిగేద్దాం" అంటూ చెయ్యి పట్టి లాగింది.

చెల్లెలు కదల్లేదు.

"మండట్లేదక్కా" అంది మెల్లగా. "ఇన్నాళ్లూ కన్నీటి చుక్క తగిలితే చాలు, పుండు మీద ఉప్పు చల్లినట్టుండేది. అమ్మను తీసుకెళ్లేటప్పుడు కూడా పళ్లు బిగించి ఆపుకున్నాను. ఇప్పుడు కాసేపు ఏడవనివ్వు."

అక్క చెల్లెలి తలను పొట్టకు అదుముకుంది. ముందుగా వెక్కి వెక్కి ఏడ్చింది అక్కే.