పులిహోర లేని చరిత్ర

“పులిహోర సంగతి కొట్టేయమ్మా,” అన్నారు రామకృష్ణారావు గారు. “జీవితచరిత్రలో వంటలేంటి?”

దోహాలోని మోర్మన్ చర్చి తెలుగు శాఖకు ఆయన అధ్యక్షులు. జీతం లేని పదవి. ఆ లోటు తన గురించి ఓ పుస్తకంతో తీర్చుకుందామనుకున్నారు. రాస్తున్నది శివకుమారి. ముఐథర్‌లో ఓ ఇంట్లో పనిచేస్తుంది. ముత్యాల్లాంటి చేతిరాత. సెలవు ఒక్క శుక్రవారమే, ప్రార్థనా ఆ రోజే.

“జనం ఎలా పెరిగారో రాయాలి కదండీ, బ్రదర్ గారూ. గురువారం నేనందరికీ ఫోన్లు చేత్తాను. రామాంజులన్న ఇండస్ట్రియల్ ఏరియా లేబర్ క్యాంపుల కాడ అందర్నీ ఎక్కించుకుని బస్సు తెత్తాడు. ప్రార్థనయ్యాక పులిహోర...”

“అవన్నీ చిల్లర విషయాలు. ఇలా రాయి. నేను పదవి తీసుకున్ననాడు హాల్లో ఉన్నది ముగ్గురే. నా ప్రసంగాలు విని అరవై రెండు మంది అయ్యారు.”

శివకుమారి రాసింది. రామాంజులు పేరు కొట్టేసింది. తన పేరు కొట్టేస్తున్నప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది.

“వచ్చే శుక్రవారం దుబాయ్ నుంచి మన చర్చి పెద్దాయన వస్తున్నారు. పుస్తకం ఆవిష్కరణ ఆయన చేతుల మీదే. నన్ను పదవిలో ఉంచేదీ దించేదీ కూడా అప్పుడే తేలుస్తారు. అందుకని ఈ వారం నీకు ఫోన్లూ వద్దు, వంటా వద్దు. ఖాళీ దొరికితే చాలు, కూర్చుని రాయి.”

“మరి బస్సుకెవరు చెబుతారండీ?”

“బస్సెందుకమ్మా? నా మాట వినాలనుకున్నవాళ్ళు నడిచైనా వస్తారు.”

బయట నలభై ఆరు డిగ్రీల ఎండ. శివకుమారి చెప్పినట్టే చేసింది.

శుక్రవారం రామకృష్ణారావు గారు కొత్త టై కట్టుకుని, అరవై రెండు కుర్చీలు స్వయంగా వేశారు. మొదటి వరసలో ఆయన భార్య కూర్చుంది. చివరి వరసలో శివకుమారి కూర్చుంది. పది దాటింది, పదిన్నర దాటింది. ఆయన నాలుగుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వచ్చారు. రామాంజులు బస్సు క్యాంపులోనే ఉంది.

పదకొండింటికి పెద్దాయన వచ్చారు. పుట్టింది వరంగల్‌లో, మాట నెమ్మది. ఖాళీ కుర్చీల మధ్య నుంచి నడిచి వేదికెక్కి, పుస్తకానికి కట్టిన రిబ్బన్ విప్పారు. మొదటి పేజీ పైకే చదివారు.

“నేను పదవి తీసుకున్ననాడు హాల్లో ఉన్నది ముగ్గురే.”

కళ్ళజోడు తీసి, హాలంతా ఓసారి చూశారు. వేలితో లెక్కపెట్టారు. తర్వాత రామకృష్ణారావు గారి వైపు తిరిగి ఆప్యాయంగా అడిగారు.

“అయితే బ్రదర్, మీరు పదవి తీసుకున్నది ఇయ్యాలేనా?”