అంజమ్మ తాగిన గంజి

"తాగినవా, లేదా? అది చెప్పు చాలు," అన్నాడు కులపెద్ద సిద్ధరాములు.

అంజమ్మ గుడి మెట్ల కింద, భుజాల నిండా కొంగు కప్పుకుని కూర్చుంది. పైన అరుగు మీద ఐదుగురు పెద్దలు. ఆ రోజు నూలు పున్నమి. సోలాపూర్‌లోని మన సాలెవాళ్ళంతా పొద్దున్నే స్నానాలు చేసి, మార్కండేయుడి ముందు పాత జంధ్యాలు తీసేసి కొత్తవి వేసుకున్నారు. సాయంత్రం రథం కదలాలి. ఆలోపు గల్లీకి అంటిన మైల వదిలించాలని పెద్దలకు మహా తొందరగా ఉంది.

"తాగిన," అంది అంజమ్మ.

"ఎవరి చేతిది?"

"మార్తమ్మ చేతిది."

"రామ రామ!" అంటూ పెద్దల్లో ఒకడైన పెంటప్ప గాంధీ టోపీ సర్దుకుని చెవులు మూసుకున్నాడు. మొన్న కల్లు దుకాణంలో ఎవరి ముంతతో తాగావని ఈ పెంటప్పను ఎవరూ అడగలేదు. అడగరు కూడా.

మార్తమ్మ కిరస్తానీ. పేట చివర దవాఖానలో పని. ఉగాదికి అంజమ్మ మంచం పట్టింది. ముసలిదానికి ముందూ వెనకా ఎవరూ లేరు. గల్లీలో అరవై ఇళ్ళున్నాయి, మగ్గం లేని ఇల్లు లేదు. ఒక్కరంటే ఒక్కరు ఆమె గుమ్మంలోకి తొంగి చూడలేదు. పక్కింటి చంద్రభాగ మాత్రం మొన్న వెళ్ళింది, పాపం, పొయ్యిలోకి నిప్పు అడగడానికి! మార్తమ్మ ముసలిదాని తల ఒళ్ళో పెట్టుకుని గంజి తాగించడం అప్పుడే ఆమె కంటబడింది. నాలుగు నెలల జబ్బు ఏ చెవికీ ఎక్కలేదు గానీ, గంజి సంగతి మాత్రం ఒక్క పూటలో సిద్ధరాములు గడప తొక్కింది.

"ఇంకేం చేసింది నీకు?"

"దొడ్డికి పోతే ఎత్తిపోసింది. పుండ్లు కడిగింది. తల దువ్వింది."

"ప్రార్థన చేయించిందా? నీళ్ళల్ల ముంచిందా?"

"లేదు. ఎందుకు బిడ్డా నీకీ పని అంటే, 'మా ప్రభువు ఎంబడి ఉన్నోళ్ళ కాళ్ళు కడిగిండు అవ్వా, నేనో గిన్నె కడిగితే ఏం పోయింది' అన్నది."

"చూసిండ్రా! గిట్లనే మొదలువెడ్తరు," అని పెంటప్ప లేచాడు. "ఇయ్యాల కాళ్ళు కడుగుతరు, రేపు నెత్తి మీద నీళ్ళు పోస్తరు."

అందరూ నవ్వారు. సిద్ధరాములు చెయ్యెత్తి ఆపాడు. ఆయన దయగల మనిషి. తానే ఆ మాట అందరికీ చెబుతుంటాడు.

"అవ్వా, ముప్పై ఏండ్ల సంది మా జంధ్యాలకు నూలు వడికినవు. తలుపు వేసుకొని, తడిబట్ట కట్టుకొని, ఎవ్వరి కన్ను పడకుండ వడుకుతవు. ఈ ఏడు పోగైతే మరీ సన్నగ, గట్టిగ వచ్చింది. అందుకే నీకో తోవ చూపిస్తున్న. తెలివి లేనప్పుడు జబర్‌దస్తీ తాగించిందని చెప్పు. బస్. పోలీసు ఫౌజ్‌దారుతోని నేను మాట్లాడ్త. ఆమె మళ్ళ ఈ గల్లీల కనబడదు."

"చెప్పకపోతే?"

"బాయి నీళ్ళు బంద్. ఇంటింటికెళ్ళి వచ్చే జొన్నలు బంద్. పోయిన్నాడు మోసెటందుకు నలుగురు రారు. సమజ్ అయిందా?"

అంజమ్మకు బాగానే సమజ్ అయింది. ఈ వయసులో గల్లీ వెళ్ళగొడితే ఎక్కడికి పోవాలి? ఆమె నోరు తెరిచేలోపే ఇంతసేపూ గోడ పక్కన నిలబడి వింటున్న మార్తమ్మ ముందుకొచ్చింది.

"అవ్వనేం అనకుండ్రి. తాగించింది నేనే. తప్పు నా మీదనే వేసుకోండ్రి. ఫౌజ్‌దారు ముందట కూడ గదే చెప్త."

"నీకెంత పొగరే!" అన్నాడు పెంటప్ప. "మీ తాతలు మా తాతలకు నూలు వడికిపెట్టి, మా వాకిట్ల గంజి తాగి బతికినోళ్ళు. ఇయ్యాల మా ముసలోళ్ళకు నువ్వు గంజి పోస్తవా?"

"అవునయ్యా, మా అమ్మ గూడ వడికేది," అంది మార్తమ్మ. ఆమెకు కోపం రాలేదు. పెంటప్పకు అదే మరింత ఒళ్ళు మండించింది.

సిద్ధరాములు లేచి, జంధ్యం బొటనవేలికి తగిలించి ముందుకు పట్టాడు.

"ఈ పోగు మీద ఆన. మార్తమ్మ ఈ గల్లీల అడుగు పెట్టొద్దు. ఆమె చెయ్యి తగిలిన ప్రతి వస్తువూ రథం కదిలేలోపు గల్లీ అవతల పారెయ్యాలె. పారెయ్యనోడు కులంల లేనట్టే!"

"ఖరే! ఖరే!" అన్నారు మిగిలిన నలుగురూ. ఇంత పెద్ద ధర్మాన్ని ఇంత చులాగ్గా నిలబెట్టినందుకు వాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి.

"ఇగ చెప్పు అవ్వా. జబర్‌దస్తీనే గద?"

మార్తమ్మ అవునని చెప్పమన్నట్టు తల ఊపింది. ఆ తల ఊపు చూసేసరికి అంజమ్మకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"కాదు. ఆకలైతే నేనే అడిగి తాగిన," అంది.

అరుగు మీద అందరూ ఒక్కసారి గోల చేశారు.

"ఆగుండ్రయ్యా, ఒక్క మాట. ఆమె చెయ్యి తగిలింది ఏదైనా పారెయ్యాల్నా?" అని అడిగింది అంజమ్మ.

"ఏదైనా!"

"ఎవరి కాడ ఉన్నా?"

"నా కాడ ఉన్నా సరే!" అన్నాడు సిద్ధరాములు రొమ్ము విరుచుకుని.

అంజమ్మ ఎడమ చేత్తో కొంగు తప్పించింది. కుడి చెయ్యి ఒళ్ళో వాలిపోయి ఉంది. వేళ్ళన్నీ ముడుచుకుపోయాయి.

"ఉగాది కాడ్నుంచి ఈ చెయ్యి లేస్తలేదు. ఇగ పారేసుడు మొదలువెట్టుండ్రి అయ్యా," అంది.

"మీ భుజాల మీది జంధ్యాల నూలు మార్తమ్మ వడికింది."