దొరల చర్చిలో అన్న

“తాతా, జర జరుగు. గది మా అన్న సమాధి.”

సునీల గొంతు తనకే కటువుగా వినిపించింది.

నేలమీద కూర్చున్న ముసలాయన తలెత్తాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. ఒళ్లో నల్లగొడుగు.

“ఎల్లారెడ్డి నుంచేనా అమ్మా మీరు?”

మళ్లీ అదే ప్రశ్న. తండా నుంచి కామారెడ్డి, అక్కణ్నుంచి సికింద్రాబాద్, విశాఖపట్నం, ఆపైన భీమిలి బస్సు. దారి పొడుగునా అడిగినవాళ్లే. ఏ ఊరు, ఎందుకొచ్చిండ్రు, ఎట్ల సచ్చిపోయిండు. చెప్పి చెప్పి సునీల నోరు ఎండిపోయింది.

“అవును. మా యాడిని కూసోనియ్యి.”

తండాలో తల్లిని యాడి అంటారు. సునీల తల్లి సక్రి ఇంకా నాలుగడుగుల దూరంలోనే నిలబడి ఉంది. దగ్గరికి రావడానికి భయపడుతున్నట్టు.

సునీల అన్న హరిచంద్ పనికోసం ఊళ్లు తిరిగి తిరిగి, చివరికి ఫోన్ చేయడం కూడా మానేశాడు. నిరుడు వానాకాలంలో జ్వరంతో ఈ చర్చి గేటు ముందు పడి ప్రాణం విడిచాడు. పేరు చెప్పే చీటీ ముక్క కూడా ఒంటిమీద లేదు. తప్పిపోయినవాళ్ల ఫొటోలు సరిచూసి, మొన్న ఎండాకాలంలో ఎల్లారెడ్డి పోలీసులు ఇంటికి కబురు పంపారు.

అప్పట్నుంచి సక్రిది ఒకటే మాట.

“నా కొడుకును దిక్కులేనోని లెక్క ఏడనో పారేసుంటరు.”

ఎంత చెప్పినా వినలేదు. ఏడవనూ లేదు. అందుకే సునీల ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది.

చర్చి ఇంగ్లీషు దొరల కాలం నాటిది. కోటగోడల్లాంటి గోడలు, రంగు అద్దాల కిటికీలు, నల్లబడిన టేకు బెంచీలు. గోడలకు కొట్టిన ఇత్తడి రేకులమీద సముద్రంలో పోయిన దొరల పేర్లు. ఇందాక రాగానే సక్రి చెప్పులు గేటు దగ్గరే విడిచి, లోపల ఒక బెంచీని భయంభయంగా తడిమి చూసింది.

“గింత పెద్ద గుడి కాడ పండుకున్నడా వాడు?”

“వెనక ఆవరణలో, ఆ చివర ఉంది. మీరు పదండమ్మా, తలుపులు వేసి వస్తాను,” అన్నాడు పాస్టరు.

వచ్చి చూస్తే ఈ ముసలాయన.

“అమ్మా, ఒక్క మాట. ఆ బాబు...” అంటూ ఏదో చెప్పబోయాడు.

“నీకు దండం పెడ్త తాతా. మా యాడి ఇంతవరకు ఏడ్వలే. జరసేపు మమ్మల్ని ఇడిసిపెట్టు.”

ముసలాయన గొడుగు ఊతంగా లేచాడు. సక్రి ముందు ఆగి చేతులు జోడించాడు. పక్క సమాధి రాయిని అరచేత్తో ఒకసారి నిమిరి, గేటు వైపు నడిచాడు.

సక్రి అప్పుడు వచ్చి కూర్చుంది.

సమాధి చుట్టూ గడ్డిపోచ లేదు. నాలుగు వైపులా బిళ్లగన్నేరు మొక్కలు నిండుగా పూసి ఉన్నాయి. మట్టి ఇంకా తడిగా ఉంది.

సక్రి ఆ తడిమట్టిమీద చెయ్యి పెట్టింది.

“ఎవలో నీళ్లు పోస్తున్నరు బిడ్డా... నా హర్యా దిక్కులేనోడు కాడు.”

అంతే. ఇన్నాళ్లూ గొంతులో ఆగినదంతా ఒక్కసారి బయటపడింది. సునీల తల్లిని పట్టుకుని తనూ ఏడ్చింది. గోడ అవతల సముద్రం హోరుమంటూనే ఉంది.

పాస్టరు వచ్చి, వాళ్లు తేరుకునేదాకా దూరంగా నిలబడ్డాడు.

“అబ్రాహాముగారు ఏరమ్మా?”

“ఎవలు సార్?”

“గొడుగు పట్టుకుని, పెద్దాయన. పొద్దుటి నుంచీ మీకోసమే కూర్చున్నారు. ఈ మొక్కలు ఆయన పెంచినవే. చూపు ఆనడం లేదని ఖరగ్‌పూర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు, ఈ సాయంత్రం బండికే. ఇక తిరిగి రారు. మిమ్మల్ని చూసి వెళ్తానన్నారు.”

సునీల గేటు దాకా పరుగెత్తింది.

“తాతా!”

ఆయన ఎక్కిన ఆటో అప్పటికే మలుపు తిరిగింది. ఉప్పుగాలిలో ఆ కేక ఎక్కడిదక్కడే పోయింది.

పరుగునే తిరిగి వచ్చింది.

“ఫోనన్న చెయ్యండి సార్.”

“ఆయన దగ్గర ఫోన్ లేదమ్మా.”

“మా అన్న ఆయనకు ఎర్కనా?”

“బతికుండగా చూడనే లేదు. పొద్దున్నే ప్రార్థనకు వస్తూ గేటు ముందు ఆయనే చూశారు. పోలీసులు వెతికినా మీవాళ్లెవరూ దొరకలేదు. ‘మన గుమ్మంలోకి వచ్చిన బిడ్డ, బయటికి పంపొద్దు’ అని పట్టుబట్టారు. కానీ ఈ ఆవరణలో చోట్లు అయిపోయి చాలా కాలమైంది. కొత్తగా ఎవరికీ ఇవ్వడం లేదు.”

“మరి మా అన్నను ఎట్ల పెట్టిండ్రు సార్?”

పాస్టరు వంగి, పక్క సమాధిమీద రాలిన ఆకులు తీసేశాడు. రాయిమీద మార్తమ్మ అనే పేరు కనిపించింది.

“ఈమె ఆయన భార్య,” అన్నాడు. “మీ అన్న పడుకున్నది, ఈమె పక్కన ఆయన తనకోసం ఉంచుకున్న చోట్లో.”