చెంచాడు మోలె

"చెయ్యి తియ్యి!"

మారిసెలా అరిచిన అరుపుకి పక్క బల్లల వాళ్ళు తలలు తిప్పారు. ఆమె కూతురు, ఏడేళ్ళ పలోమా చెయ్యి చిప్స్ బుట్ట మీదే ఆగిపోయింది. కూర్చోగానే అడక్కుండా తెచ్చి పెట్టే బుట్ట అది. వేడివేడి మొక్కజొన్న చిప్స్, పక్కనే గిన్నెలో ఎర్రటి సాల్సా పచ్చడి. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుని, నీళ్ళ గ్లాసు అంచుకి గుచ్చిన నిమ్మబద్ద తీసి చప్పరించసాగింది. హోటళ్ళలో తనకి దక్కేది అదొక్కటేనని దానికి తెలుసు.

"బాగుంది సంబడం! నా డెబ్భయ్యో పుట్టినరోజు, నా మనవరాలికి నిమ్మకాయ విందు," అంది అత్తగారు కాన్సువేలో. ముగ్గురూ చర్చి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చారు. టూసాన్ ఊరి దక్షిణాన ఉన్న ఈ మెక్సికన్ హోటల్లో ఆదివారం మధ్యాహ్నం ఖాళీ బల్ల దొరకడమే గగనం. "మేం పదకొండుమందిమి పల్లీలు ఒలుచుకు తింటూ పెరిగాం. ఎవరం చచ్చాం?"

"చచ్చినవాళ్ళు లేచొచ్చి చెప్పరు కదా అత్తయ్యా."

వడ్డించే అమ్మాయి డెల్ఫినా పుస్తకం తెరిచింది. "కోడి మోలె మూడు ప్లేట్లు, అంతేనా అండీ?"

"ఆగమ్మా. మోలె పులుసులో పల్లీలు వేస్తారా?"

"అబ్బే, అవేం వెయ్యరండీ."

"నువ్వు వంటింట్లోకి వెళ్ళనేలేదు. ఎవర్నీ అడగలేదు. ఎలా తెలిసింది?"

డెల్ఫినా పుస్తకం మూసింది. "నాలుగు నెలల్నించీ ఇక్కడ పని చేస్తున్నా, ఎవరూ ఏమీ అనలేదండీ."

"పోయిన ఏడాది ఇంకో హోటల్లో ఒకమ్మాయి కూడా నవ్వుతూ ఇదే మాట చెప్పింది. మూడు రోజులు నా కూతురి గొంతులో గొట్టం పెట్టి ఉంచారు. వంటాయన్ని పిలువు."

"ఆదివారం ఆయన బయటికి రారండీ, రద్దీ..."

"అయితే మేం లేస్తాం."

పలోమా లేవలేదు. పక్క బల్ల మీద పొగలు కక్కుతున్న నల్లటి మోలె కేసి చూస్తూ, "అమ్మా, వాసన చూస్తే ఏం కాదుగా?" అంది. మారిసెలా పిల్ల జుట్టు సర్దింది.

డెల్ఫినా లోపలికి పరుగెత్తిన నిమిషానికి వంటింటి తలుపు ధడాల్న తెరుచుకుంది. దూలంలాంటి మనిషి, మిరపకాయల ఎరుపు ఎక్కిన చేతులు, మరకల ఏప్రాను. వంటాయన ఎఫ్రాయిన్.

"నా వంట మీద అనుమానం ఎవరికమ్మా?"

"నాకే. మోలెలో ఏమేం వేస్తారు?"

"అది మా ఆవిడక్కూడా చెప్పలేదు నేను."

మారిసెలా సంచీ భుజాన వేసుకుంది. ఎఫ్రాయిన్ ఓసారి పిల్లవైపు చూశాడు, దాని నోట్లో నిమ్మబద్ద వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"కూర్చో. మూడు రకాల ఎండుమిరపకాయలు, నువ్వులు, గుమ్మడిగింజలు, మాడ్చిన రొట్టె, నేనే నూరిన కోకో. నువ్వులు పడతాయా పాపకి?"

"పడతాయి. పల్లీ ఒక్కటే పడదు."

"పల్లీ ఈ గుమ్మం తొక్కి పన్నెండేళ్ళయింది. చిప్స్ వేయించే మూకుట్లో చిప్స్ తప్ప ఇంకేవీ పడవు. మా తమ్ముడు పల్లీ మిఠాయి జేబులో వేసుకొస్తే, వాణ్ణి కూడా వీధిలోనే ఆపేశా."

"మాటలు అందరూ ఇలాగే చెప్తారు."

"ఏం చేస్తే నమ్ముతావమ్మా?"

అతను లోపలికెళ్ళి గిన్నెడు మోలె, ఒక చెంచా పట్టుకొచ్చాడు. "ఇప్పుడే కుండలోంచి తీశా. నీ కళ్ళ ముందే తింటా, చూడు."

"మీరు తింటే ఏం తేలుతుంది?" అంది మారిసెలా. "ఇనప మేకులు మింగినా అరిగించుకునేట్టున్నారు. ముద్ద దిగాక ఊపిరాడనిది నా కూతురికి. మీకు కాదు!"

డెల్ఫినా ఏదో చెప్పబోతే ఎఫ్రాయిన్ చెయ్యి అడ్డం పెట్టాడు. బల్ల మీద, పిల్ల కంచం పక్కన, ఊపిరాడనప్పుడు పొడిచే, నారింజ రంగు మూతి ఉన్న సూదిమందు గొట్టం ఉంది. దాన్నే చూస్తున్నాడు.

"అది ఎప్పుడూ దగ్గరే ఉంటుందా?"

"దిండు పక్కన కూడా."

"తేదీ అయిపోలేదుగా?"

"వచ్చే మార్చి దాకా ఉంది. ఎందుకు?"

"పొడవడం వచ్చా?"

"తొడకి, బయటి వైపు, కండలోకి. గట్టిగా గుచ్చి పట్టుకోవాలి. నాకు నేర్పుతున్నారా మీరు?"

"చేతులు వణకవుగా?"

"పొడిచినప్పుడు వణకలేదు. తర్వాత వణికాయి."

ఎఫ్రాయిన్ తల ఊపాడు. కుర్చీ లాక్కుని ఆమె పక్కనే, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. చెంచా మోలెలో ముంచాడు.

"పాప సూది పాపకే ఉంచు," అన్నాడు. ఏప్రాను జేబులోంచి నారింజ మూతిదే ఇంకొకటి తీసి మారిసెలా చేతిలో పెట్టి, "ఇది నాది. నా గొంతు బిగిస్తే పొడువు," అంటూ చెంచాడు మోలె నోట్లో పెట్టుకున్నాడు.