కట్ట కింద కారు

ఎంతమందని అడిగితే ఇద్దరం అంది కదా, ఆ రెండో మనిషి ఎవరై ఉంటారు? లిడియా గారి వరండాలో నిలబడి కోటేష్ అదే ఆలోచిస్తున్నాడు. ఏడాదిగా ప్రతి ఆదివారం ఆవిణ్ణి తన కారులో చర్చికి తీసుకెళ్తున్నాడు. నర్సుగా రిటైరైన మనిషి. భర్త బెన్నీ గారు పోయి రెండేళ్లయింది. ఈ ఏడాదిలో ఆ గేటు తీసుకుని లోపలికి వెళ్ళినవాళ్ళని అతను చూడలేదు.

"కూర్చోండి కోటేష్ గారూ."

"పర్లేదు మేడం."

ఆవిడ స్టీలు గ్లాసుతో నీళ్ళు తాగి పక్కన పెట్టింది. గ్లాసు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు కనిపించింది: బెన్నీ. కోటేష్ చూపు తిప్పుకున్నాడు.

"గుంటూరు నుంచి కంభం చెరువు దాకా. మధ్యలో ఎక్కడెక్కడ ఆగొచ్చో చెప్పండి, రాసుకుంటాను."

"నరసరావుపేటలో టీ అండి. అది దాటాక కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. అందరూ దిగి ఫోటోలు తీసుకుంటారు, తుమ్ముకుంటూ ఎక్కుతారు."

ఆవిడ నవ్వింది. "తర్వాత?"

"వినుకొండలో టిఫిను. మార్కాపురంలో పలకలు చేసే షెడ్లున్నాయి. చూడ్డానికేం ఉండదు, కాకపోతే పలక మీద అ ఆలు దిద్దినోళ్ళు ఆపమంటారు."

"ఆపుదాం."

"భోజనం కంభంలో. తెలిసిన హోటలుంది."

"హోటలొద్దు. నేనే వండి తెస్తాను. ఇద్దరికే కదా."

మనుషుల్ని తీసుకొచ్చిన డ్రైవరుకి ఆ హోటల్లో వంటింటి పక్క గదిలో ఊరికే అన్నం పెడతారు. గోడకేసి కూర్చుని తినాలి. సరే, ఈసారి అదీ లేదు. రెండు బన్నులు కొనుక్కుంటే సరిపోతుంది.

"చెరువు ఎలా ఉంటుంది?"

"రెండు కొండల మధ్య నీళ్ళండి. అవతలి ఒడ్డు కంటికి ఆనదు. పొద్దు వాలితే రాగి చెంబు తోమిపెట్టినట్టుంటుంది."

"ఎన్నిసార్లు చూశారు?"

"పదకొండుసార్లు తీసుకెళ్ళానండి."

"చూడటం?"

కోటేష్ చేతిలో తాళాలు ఆగాయి. "కారు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా మేడం. సామాన్లుంటాయి. నేను కట్ట కింద ఆగిపోతాను. వాళ్ళు దిగొచ్చాక ఫోన్లో చూపిస్తారు."

చెప్పకుండా ఉండాల్సింది. మొదట్లో, కారు దిగేవాళ్ళ ముఖాల్లోకి చూసేవాడు, నువ్వూ రావయ్యా అంటారేమోనని. ఎప్పుడో చూడటం మానేశాడు. కోరిక మాత్రం పోలేదు. ఒక్కడే వెళ్ళి చూడొచ్చు, ఎవరూ వద్దనరు. కానీ చూసొచ్చి ఎవరికి చెప్పాలి? గది తలుపు తీస్తే ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ ఉండదు.

ఆవిడ కాగితం మీద ఏదో గీసి, కొట్టేసి, మళ్ళీ రాసింది.

"మీ పూర్తి పేరు? కోటేశ్వరరావా?"

"కోటేషేనండి. ఆధార్‌లోనూ అంతే."

రాసుకుంది. దూరం వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు డ్రైవర్ వివరాలు ఎవరికో పంపి ఉంచుతారు. తప్పు కాదు. అయినా, ఏడాది తర్వాత ఈవిడ కూడా రాసుకోవడం ఎక్కడో గుచ్చుకుంది.

"శనివారం మీకేమన్నా పట్టింపులున్నాయా?"

"నీచు ముట్టనండి, అంతే. బండి నడపడానికేం అడ్డం లేదు."

"అయితే శుక్రవారం వెళ్దాం."

శనివారం ఏదో పని గుర్తొచ్చి ఉంటుంది అనుకున్నాడు.

శుక్రవారం ఉదయం ఆవిడ ఒక్కతే బుట్టతో వచ్చింది.

"రెండో వాళ్ళు దారిలో ఎక్కుతారా మేడం?"

"లేదు. పదండి."

బుట్ట డిక్కీలో పెడుతుంటే గుడ్డ కింద రెండు స్టీలు పళ్ళేలు చప్పుడు చేశాయి. అప్పుడు అర్థమైంది. బెన్నీ సారుని వెంటబెట్టుకుని వెళ్తోంది. కోటేష్ నవ్వలేదు. వెనక సీట్లో ఇద్దరున్నట్టే నడిపాడు. గతుకులు తప్పించాడు, ఒక్కసారీ గట్టిగా బ్రేకు వేయలేదు. అద్దంలో ఆవిడ పక్కనున్న ఖాళీ చోటు చూసి, ఒకరి కోసం ఇంకొకరు సీటు ఖాళీ ఉంచడం కూడా అదృష్టమే అనుకున్నాడు.

నరసరావుపేటలో ఆవిడ దిగి రెండు టీలు చెప్పింది. ఒకటి తాగింది. రెండోది బానెట్ మీద పెట్టి ఊరుకుంది. కోటేష్ అటు చూడకుండా టైర్లలో గాలి చూసుకున్నాడు. టీ చల్లారిపోయింది. ఆవిడ దాన్ని పారబోసి వచ్చి కూర్చుంది. కల్లాల దగ్గర దిగలేదు. వినుకొండలో టిఫిను వద్దంది. మార్కాపురంలో ఆపనా అంటే తల అడ్డంగా ఊపింది. జాబితా అంతా వరసగా కొట్టేసుకుంటూ పోతున్నట్టుంది.

తనేమన్నా తప్పు చేశాడా? అడగలేక గేరు మార్చాడు.

కంభం చెరువు కట్ట కింద వేప నీడలో కారు ఆపాడు. ఆవిడ బుట్ట తీసుకుని పైకి నడిచింది. కోటేష్ సీటు వెనక్కి వాల్చి బన్ను పొట్లం విప్పాడు. పైనించి గాలి తడిగా వస్తోంది. పన్నెండోసారి.

నాలుగడుగులు వేసి ఆవిడ వెనక్కి వచ్చింది. కారు తలుపు మీద వేలితో కొట్టింది.

"ఏమన్నా మర్చిపోయారా మేడం?"

"అడగడం మర్చిపోయాను," అంటూ ఒక పళ్ళెం లోపలికి చాపింది.

కొత్తది. షాపువాడి స్టిక్కరు జిగురు ఇంకా పోలేదు. బెన్నీ సారు పేరే చెక్కించి ఉంటుందనుకుంటూ వెలుగులోకి తిప్పాడు.

అంచున తన పేరు చదువుకుని, కోటేష్ దిగి కారుకి తాళం వేశాడు.