టార్వెల్ గారి మెట్లు

"ఇంకెంతసేపు ఈ పాతగోడల గోల? ఆకలేస్తోంది," అన్నాడు బర్ట్.

"ఇప్పుడేగా వచ్చాం," అంది అతని భార్య మార్లీన్ మెల్లగా.

బర్ట్ నవ్వుతూనే ఆమె జబ్బ పట్టుకుని, ఎవరికీ కనబడకుండా గట్టిగా నొక్కాడు. ఆమె కళ్లు మూసి తెరిచింది. అమెరికా దక్షిణాన ఉన్న చార్ల్‌స్టన్ ఊళ్లో, ఆగస్టు ఉక్కలో అందరూ విసనకర్రలు ఊపుకుంటుంటే ఆమె ఒక్కతే మెడకి సిల్కు రుమాలు చుట్టుకుని ఉంది. అది కాస్త జారింది. కింద చర్మం నేరేడుపండు రంగులో ఉంది.

గైడు వాష్టి అది చూసింది. చూడనట్టే మిగతావాళ్ల వైపు తిరిగింది. ఆమెకి అరవై దాటాయి. పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్లోనే. ఈ ఇంటికి ఇటుకలు కాల్చిన బానిసలు ఆమె పూర్వీకులే. ఎన్నో ఏళ్లుగా వచ్చినవాళ్లకి ఈ ఇల్లు చూపిస్తోంది.

"భోజనాల గది తర్వాత చూద్దాం. ముందు మెట్లెక్కండి," అంది.

ఆ మెట్లు చూడ్డానికే జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఒక్క స్తంభం ఆసరా లేకుండా, తీగలా మెలికలు తిరుగుతూ మూడో అంతస్తు దాకా పోతాయి. పైకెక్కాక అందరూ కమ్మీ పట్టుకుని కిందికి తొంగిచూశారు. అడుగున నలుపూ తెలుపూ రాతిపలకలు.

"ఈ ఇల్లు కట్టిన ఎలైజా టార్వెల్ బియ్యం వ్యాపారి," అని మొదలుపెట్టింది వాష్టి. "ఊళ్లో పెద్దమనిషి. చర్చిలో ముందువరస. ఇంట్లో మాత్రం కొరడా. అది ముందు వంటింట్లో మావాళ్ల వీపుల మీద ఆడింది. తర్వాత ఆయన భార్య హానోరా మీదకొచ్చింది."

విసనకర్రలు ఆగిపోయాయి.

"ఆమె పళ్లు రాలగొట్టాడు. ఒకసారి జుట్టు పట్టుకుని ఈ కమ్మీకేసి బాదాడు. మర్నాడు ఇంట్లో విందు. ఆమె మెడదాకా లేసు గౌను తొడుక్కుని, నవ్వుతూ అతిథులకి వడ్డించింది."

"నోరు జారుంటుంది. ఆడవాళ్లతో అదే తంటా," అన్నాడు బర్ట్.

ఎవరూ నవ్వలేదు.

"తర్వాతేమైంది?" అంది మార్లీన్.

"ఒకరోజు ఇక్కడే, ఈ పైమెట్టు దగ్గర, చెయ్యెత్తి మీదకొచ్చాడు. ఆమె పక్కకి తప్పుకుంది. అంతే. ఆ ఊపులో ఆయన ఆగలేకపోయాడు. కిందికి చేరేసరికి తల పుచ్చకాయలా పగిలింది."

"ఆమెని ఉరి తీశారా?"

"దేనికమ్మా? పక్కకి తప్పుకుంటే నేరమా?" వాష్టి కిటికీలోంచి రేవు వైపు చూస్తూ అంది. "ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. తనకి నచ్చింది తింది, వరండాలో కూర్చుని పాడుకుంది. జుట్టంతా నెరిశాక నిద్రలో పోయింది."

అందరూ కబుర్లు చెప్పుకుంటూ తోటలోకి దిగిపోయారు. వాష్టి కిటికీలు మూయడానికి పక్కగదిలోకి వెళ్లింది. బర్ట్ పెళ్లాన్ని కదలనివ్వలేదు.

"ఉరి తీశారా అట! ఏంటే ఆ ప్రశ్న? నలుగురిలో నా పరువు తీస్తావా?"

చెంపదెబ్బ చప్పుడు గదిలోకి వినబడింది. వాష్టి పరుగెత్తుకొచ్చేసరికి మార్లీన్ పెదవి చిట్లి రక్తం కారుతోంది. బర్ట్ ఆ రుమాలునే పిడికిట్లోకి తీసుకుని మెలితిప్పుతున్నాడు. ఆమె మొహం కందిపోయింది. గొంతులోంచి గురక తప్ప మాట రావడం లేదు.

"వదలరా! చచ్చిపోతుంది!"

వాష్టి అతని చొక్కా పట్టుకుని లాగింది. అతను రుమాలు వదిలి వెనక్కి తిరిగి పిడికిలితో ఆమె మూతి మీద గుద్దాడు. ఆమె కూలబడింది.

"నీ కథలు నువ్వు చెప్పుకోక నీకెందుకే ముసలిదానా!" అంటూ డొక్కలో తన్నాడు. ఒకసారి. ఇంకోసారి. పైమెట్టు అంచున నిలబడి మళ్లీ కాలెత్తాడు.

మార్లీన్ రెండు చేతులూ చాచి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అతన్ని నెట్టింది.

మెట్టు మెట్టుకీ ఎముక చప్పుడు వినబడింది. చివరికి రాతిపలకల మీద ఒక మెత్తటి చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

"నేనే... నేనే చంపేశాను," అంది మార్లీన్ కమ్మీ మీంచి కిందికి చూస్తూ.

వాష్టి గోడ పట్టుకుని లేచి, నోట్లో రక్తం ఉమ్మేసింది. "కాదు. నువ్వు పక్కకి తప్పుకున్నావు. ఏం చేశావు?"

"పక్కకి... తప్పుకున్నాను."

"మళ్లీ చెప్పు."

"పక్కకి తప్పుకున్నాను."

ప్రేలో అనే పోలీసు అధికారి వచ్చాడు, ఆ ఊరివాడే. వాష్టి వెళ్లే చర్చికే వెళ్తాడు. శవం మీద గుడ్డ కప్పించి పైకొచ్చాడు.

"మిస్ వాష్టీ, నిజం చెప్పండి. ఆమె నెట్టిందా?"

"లేదు నాయనా. చెయ్యెత్తి మీదకొచ్చాడు. ఈ పిల్ల పక్కకి తప్పుకుంది."

అతను వాష్టి వాచిన మూతినీ, మార్లీన్ మెడ చుట్టూ ఎర్రటి వాతనీ మార్చి మార్చి చూశాడు. ఇంతలో ఇల్లు చూడ్డానికొచ్చిన గుంపులోంచి గడ్డిటోపీ పెట్టుకున్న ఒక ముసలాయన వెనకాలే ఎక్కొచ్చి, ఆపుకోలేకపోయాడు.

"ఇదే మెట్టు సార్! వెనకటికి టార్వెల్ గారు కూడా భార్యని కొట్టబోయి ఇక్కడినుంచే పడి పోయారట! ఇందాకేగా చెప్పిందావిడ! మేమందరం విన్నాం!"

మెట్ల మీద నిలబడ్డవాళ్లంతా తలలూపారు. ప్రేలో ఒంపు తిరిగిన ఆ మెట్లకేసి కాసేపు చూశాడు.

"ఈ మెట్లు మొగుళ్లకి అచ్చిరావన్నమాట," అని టోపీ పెట్టుకున్నాడు.

మార్లీన్‌ని ఆస్పత్రికి తీసుకెళ్లే బండి వచ్చింది. ఎక్కబోతూ ఆమె వెనక్కొచ్చి వాష్టి చెయ్యి పట్టుకుంది.

"ఆ హానోరా సమాధి ఈ ఊళ్లోనే ఉందా? వెళ్లి పూలు పెట్టొస్తాను. ఆమె కథే వినకపోతే నాకు చెయ్యి లేచేది కాదు."

"వెతక్కమ్మా," అంది వాష్టి. ఆమె జుట్టు సవరించి బండి ఎక్కించింది. "నీ దారిన నువ్వు చల్లగా బతుకు."

ఎలైజా టార్వెల్ అసలు పెళ్లే చేసుకోలేదు.